బొందలగడ్డను ఉద్యానంగా తీర్చిదిద్దేవారికి

వరంగల్, హనుమకొండ, కాజీపేట పెరిగి ఒకటిగా కలిసిపోయిన కొద్దీ, ఒకప్పుడు ఊరి పొలిమేరలో ఉన్న బొందలగడ్డలు కొన్ని ఇళ్ల నడుమకు వచ్చాయి. ఖననాలు ఆగిపోయి, సర్కారు తుమ్మ కమ్ముకున్న అటువంటి స్థలాన్ని ప్రజల తోటగా మార్చాలనుకునేవారు పార పట్టుకోవడానికి ముందు పాత కాగితాలు పట్టుకోవాలి. తహసీల్దారు కార్యాలయంలో సేత్వార్ (తొలి భూసర్వే నాటి మూల రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (సర్వే నంబర్లవారీ భూమి రికార్డు), టిప్పన్ (కొలతల పటం) చూస్తే స్థలం ఎవరి పేర ఉన్నదో, హద్దులు ఎక్కడివో తెలుస్తుంది. అది ముస్లింల ఖబ్రస్తాన్ అయితే వక్ఫ్ బోర్డు, ముతవల్లీల (వక్ఫ్ ఆస్తి నిర్వాహకుల) సమ్మతి, క్రైస్తవుల సమాధుల తోట అయితే చర్చి యాజమాన్యం సమ్మతి, కుల శ్మశానమైతే కుల పెద్దల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖనన స్థలంలోకి అవమానపరిచే ఉద్దేశంతో చొరబడటం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరమన్న సంగతిని పనివారికి సైతం ముందే చెప్పాలి.

స్థలం ఖిలా వరంగల్ కోటకో, వేయిస్తంభాల గుడికో దగ్గరలో ఉంటే మరో మెలిక ఉంటుంది. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి తప్పనిసరి. కాపలాదారు గది కట్టాలన్నా ఈ లెక్క చూసుకోవాలి.

తరువాతి పని నమోదు. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి. ముళ్లకంపను వేళ్లతో పెకిలించకుండా నేలమట్టానికి కోసి, స్థలాన్ని తాళ్లతో గళ్లుగా విభజించి, ప్రతి గోరీకి సంఖ్య ఇచ్చి, కొలతలు, రాయి రకం, శాసనపు భాష రాసుకోవాలి. అరిగిన ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లీషు, తెలుగు అక్షరాలు పొద్దున్నే పడే ఏటవాలు ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి కనుక ఫోటోలు అప్పుడే తీయాలి. అక్షరాలు తేలడానికి సుద్దగాని రంగుగాని పూయరాదు. రాయి ఉన్నచోటే సమాధి ఉన్నదనుకోవడం పెద్ద పొరపాటు. పేదవారికి, పసిపిల్లలకు చాలామందికి గుర్తు రాయి ఉండదు. తొలి వానల తరువాత నేల కుంగిన చోట్లను గుర్తించాలి. వీలైతే నేలలోకి చూసే రాడార్‌తో సర్వే చేయించాలి. అక్కడ పూడ్చినవారి చుట్టాలను, పాత పనివారిని అడిగితే పటంలో లేని వరసలు కూడా బయటపడతాయి.

లండన్‌లో బన్‌హిల్ ఫీల్డ్స్ అనే ఖనన స్థలంలో 1854లో ఖననాలు ఆపి, 1869లో దానిని ప్రజల తోటగా తెరిచారు. 1880లో తెరిచిన పోస్ట్‌మన్స్ పార్క్‌లోనేమో చాలా సమాధి రాళ్లను తీసి గోడల వెంట నిలబెట్టారు. తోట చక్కగా ఉన్నది గాని ఏ రాయి ఎవరి మీదిదో అక్కడి నేల ఇక చెప్పలేదు. మనం ఆ దారి పట్టకూడదని నా అభిప్రాయం. నల్లరేగడి ఉబ్బి కుంగడం వల్ల ఒరిగిన రాయిని కూడా ఉన్నచోటే నిలబెట్టడం మేలు. ఇటుకతో, గచ్చుతో కట్టిన గోరీలకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాక ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. గానుగలో నూరిన డంగు సున్నమే వాడాలి. కడగడానికి నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. యాసిడ్, ఇనుప బ్రష్షు దరిచేరనీయవద్దు.

తోట పని మొత్తం నేల పైనే జరగాలి. బాటకు గుంత తీయకుండా నేలమీద జియోటెక్స్‌టైల్ వస్త్రం (నీరు ఇంకనిచ్చే గట్టి సింథటిక్ గుడ్డ) పరచి, పైన మొరం పోసి, అంచులకు రాళ్లు పేర్చాలి. నీటి గొట్టాలను పైపైనే వేయాలి. దీపస్తంభాలకు లోతు పునాది వద్దు. ఎక్కడైనా ఎముక బయటపడితే పని ఆపి, గుడ్డ కప్పి, పోలీసులకు, ఆ సమాజపు పెద్దలకు తెలపాలి. నాణేలో నగలో దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

పాత వేప, చింత చెట్లే ఆ తోటకు ప్రాణం. వాటిని నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, నరకకపోవడం ఇంకా మంచిది. గోరీల పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొక్కలను లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. ముదిరినవాటిని లాగితే కట్టడమే విరుగుతుంది కనుక కోసి ఎండనివ్వాలి. సమాధుల దగ్గర పైపోసిన మట్టిలో బంతి, గునుగు వంటి పైవేళ్ల మొక్కలు, ప్రహరీ వెంట తంగేడు నాటవచ్చు. అయితే ఆ పూలు బతుకమ్మకు పనికివస్తాయా అన్నది చుట్టుపక్కల ఆడవాళ్లను అడగాలి. కొందరికి మనసొప్పదు, ఆ మాటను గౌరవించాలి. జూన్ వానలకు నాటినా, అసలు పరీక్ష మరుసటి ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోయడంలోనే ఉంటుంది. ఆ ఖర్చు ఎవరిదో నగరపాలక సంస్థకు, స్థల యజమానులకు మధ్య ఒప్పందంలో ముందే రాసుకోవాలి.

ఆటసామాను, వ్యాయామ పరికరాలు ఇక్కడ పెట్టవద్దు. ముస్లింల షబే బరాత్ రాత్రి, క్రైస్తవులు చనిపోయినవారిని తలచుకునే నవంబరు 2న, హిందువుల పెత్రమాస నాడు చుట్టాలు వస్తారు. వారు కొవ్వొత్తులు, అగరొత్తులు వెలిగించుకునే చోటు, చేతులు కడుక్కునే నల్లా పటంలోనే చూపాలి. మిగతా రోజుల్లో గేటు చీకటి పడేసరికి మూసినా, తాళంచెవి ఒకటి ముతవల్లీ వద్దనో చర్చి పెద్ద వద్దనో ఉండాలి.