కరువు తర్వాత మంచి వాన పడితే ఇల్లు, దొడ్డి, చేను ఎలా చూసుకోవాలి?

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అదీ ఒక పద్ధతిగా పడదు. వారాల తరబడి మబ్బు ఊరించి ఊరించి, ఒక్క రాత్రిలో నాలుగైదు సెంటీమీటర్లు కుమ్మరించి పోతుంది. తెల్లారితే ఊళ్లో అందరి కాళ్లూ చేను వైపే లాగుతాయి. విత్తనాల కోసం పరుగులు, ట్రాక్టర్ కోసం ఫోన్లు.

నా మాట వింటే చేను వంతు చివర పెట్టండి. బాగా తడిసిన నేల ఎలాగూ ఒకటి రెండు రోజులు కాలు పెట్టనివ్వదు. ఆలోపు మిద్దె, దొడ్డి, నీళ్లు చూసుకోవచ్చు. కింద రాసింది రాయలసీమ ఎర్ర నేలల్లో మెట్ట సేద్యం చేసే ఇళ్ల కోసం. మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెల్క నేలలకు కూడా చాలావరకు పనికొస్తుంది.

1. వాన పడుతున్నప్పుడే చేయాల్సినవి

తొలకరి వానలకు ఉరుములు, పిడుగులు తోడొస్తాయి. చింతచెట్టు కింద కట్టేసిన గొడ్లను మబ్బు కమ్మగానే విప్పి కొట్టంలోకి తోలండి. మనుషులు కూడా చెట్ల కింద నిలబడకూడదు. ఫోన్‌లో దామిని యాప్ ఉంటే దగ్గరలో పిడుగులు పడే అవకాశం ఉందో లేదో తెలుస్తుంది. బోరు స్టార్టర్ పెట్టె జోలికి తడి చేతులతో వెళ్లొద్దు.

వాన ఎంత పడిందో కొలుచుకోండి. దీనికి పరికరం కొనక్కర్లేదు. పైభాగం కోసేసిన 15 కేజీల నూనె డబ్బా చాలు, గోడలు నిలువుగా ఉంటాయి కాబట్టి లెక్క తప్పదు. బకెట్ అయితే పైన వెడల్పు, కింద సన్నం, కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా పెట్టి, వాన వెలిశాక స్కేలుతో కొలవండి. రెండు సెంటీమీటర్లు ఉంటే 20 మిల్లీమీటర్ల వాన. ఈ అంకె మీకు తర్వాత చాలాసార్లు అవసరమవుతుంది.

2. కప్పు మీది నీళ్లు పట్టుకోండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న శ్లాబు మీద 20 మిల్లీమీటర్లు పడితే సుమారు 1,100 లీటర్లు. ఇంకినవీ చిందినవీ తీసేసినా 900 లీటర్లు చేతికొస్తాయి. బిందెకు పది రూపాయలు పెట్టి ట్యాంకర్ దగ్గర కొట్లాడిన వాళ్లకు ఆ నీళ్ల విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నెలల తరబడి పేరుకున్న దుమ్ము, పిట్టల రెట్టలు మొదటి జల్లుతో కలిసి వస్తాయి. కాబట్టి తొలి పది పదిహేను నిమిషాల నీళ్లు బయటికి పోనిచ్చి, ఆ తర్వాతే డ్రమ్ముకు గొట్టం తగిలించండి. గొట్టం మూతికి పాత పంచె కట్టండి. తాగాలంటే కాచి తాగండి. మట్టి మిద్దె మీది నీళ్లయితే గొడ్లకు, కడుగుళ్లకు మాత్రమే వాడండి.

3. మట్టి మిద్దె ఉన్నవాళ్లకు

ఎండలకు చౌడు మన్ను నెర్రెలిచ్చి ఉంటుంది. ఎలుకలు, ఉడతలు తవ్విన బొక్కలు సరేసరి. మొదటి వాన నేరుగా వంటింట్లో కారుతుంది. కారుతోంది కదా అని వానలోనే పైకి ఎక్కొద్దు. తడి మన్ను మీద కాలు పడిన చోట గుంట పడి, రేపటి నీళ్లు అక్కడే నిలుస్తాయి. లోపలి నుంచి ఎక్కడ కారుతోందో బొగ్గుతో గుర్తు పెట్టుకుని, పైన ఆరాక ఆ చోట కొత్త చౌడు మన్ను వేసి దిమ్మిస చేయండి. నీళ్లు దిగే గొట్టంలో ఆకులు, గూళ్లు ఉంటే తీసేయండి. గోడ ఉబ్బినా, కొత్తగా బీట తీసినా ఆ గదిలో రాత్రి పడుకోవద్దు.

4. దొడ్డి: అసలు జాగ్రత్త ఇక్కడే

కరువంతా ఎలాగో బతికించుకున్న జీవాలను వాన పడ్డాక పోగొట్టుకున్న ఇళ్లు చాలా ఉంటాయి. కారణం పచ్చిమేత.

వాన పడిన వారం పది రోజులకే గట్లు పచ్చబడతాయి. ఆకలి మీదున్న గొర్రెలు లేత గడ్డిని అదే పనిగా మేస్తాయి. అప్పుడే చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం బాగున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, వైద్యానికి టైమ్ కూడా దొరకదు. టీకా వానాకాలానికి ముందే వేయించడం మేలు. వేయించకపోతే ఇప్పుడే పశువుల ఆసుపత్రిలో అడగండి. ఈలోగా పొద్దున్నే వదలకుండా, కాస్త ఎండుమేత పెట్టి, మంచు ఆరాక తోలండి. లేత పచ్చికలో మొదటి కొన్ని రోజులు గంటా రెండు గంటలే మేపండి. గొడ్లకు గొంతువాపు, జబ్బవాపు టీకాల సంగతి కూడా అదే పోకలో కనుక్కోండి.

ఇంకా ప్రమాదమైనది జొన్న. వాన లేక వాడిపోయిన జొన్న పైరు, కోసిన మోళ్ల నుంచి వానకు లేచిన పిలకలు చూడ్డానికి నవనవలాడుతూ ఉంటాయి. వాటిలో సైనైడ్ విషం ఎక్కువగా ఉంటుంది. అవి తిన్న గొడ్డుకు నాము కడుతుంది. నురగ కక్కుతూ, ఎగశ్వాస తీస్తూ నిమిషాల్లో పడిపోతుంది. పూత రాని జొన్నలోకి, మోళ్లలోకి ఏ గొడ్డునూ వదలొద్దు. పొరపాటున తింటే పసర్లు పోస్తూ కూర్చోకండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి లేదా దగ్గరి డాక్టరును పిలవండి. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కాకపోతే అది వేళకు పడాలి.

వేరుశనగ కట్టె (కాయలు తీసేశాక మిగిలే ఎండుమేత) వామి తడిసిందేమో చూడండి. పై పొర తీసి ఎండబెట్టండి. నల్లగా బూజు పట్టిన కట్టెను పాడి గొడ్డుకు అసలు పెట్టొద్దు, వామి ఎంత చిన్నదైనా సరే. కట్టెల కుప్పలు, వామి అడుగు కదిపేటప్పుడు చేయి పెట్టే ముందు కర్ర పెట్టండి, బొరియల్లోకి నీళ్లు పోయి పాములు, తేళ్లు పొడి చోటు వెతుక్కుంటాయి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, మంత్రం ఏమీ వద్దు, 108.

5. బావి, బోరు

బావిలోకి కొత్త నీళ్లు వచ్చాయంటే పెంట దిబ్బల మీది నీళ్లూ వచ్చి ఉండొచ్చు. బురద పేరుకునేదాకా ఆగి బ్లీచింగ్ పౌడర్ వేయండి. లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. పది అడుగుల వెడల్పున్న గుండ్రటి బావిలో ఆరడుగుల నీళ్లుంటే సుమారు 13 వేల లీటర్లు, అంటే 33 గ్రాములు. పొడిని నేరుగా చల్లకుండా బకెట్‌లో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రం బావిలో దించి కలియబెట్టండి. గంట తర్వాత వాడుకోవచ్చు. వానకు నాని ఉన్న పాత బావి గోడలు కూలుతాయి, అడుగున గాలి కూడా చెడి ఉంటుంది. పూడిక తీద్దామని ఇప్పుడే దిగొద్దు.

బోరు విషయంలో ఓపిక పట్టాలి. మన కింద ఉన్నది గట్టి రాయి. వందల అడుగుల లోతు బోరుకు ఒక్క వాన నీళ్లు చేరవు. ఉత్సాహం కొద్దీ మోటరు వేస్తే నీళ్లు తెగి తెగి వస్తాయి, మోటరు కాలుతుంది. ఎండిన బోరు ఉంటే దాని చుట్టూ ఆరడుగుల గుంత తీసి, అడుగున పెద్ద రాళ్లు, ఆపైన చిన్న కంకర, పైన ఇసుక నింపి, చేను నుంచి వచ్చే నీళ్లు అందులోకి మళ్లించండి. దొడ్డి నీళ్లు మాత్రం పోనివ్వొద్దు.

6. చేను: పదును చూసి విత్తండి

ముందు గట్లు తిరగండి. తెగిన చోట మన్ను వేయండి, నీళ్లు బయటికి పోయే దారి లేక తెగితే అక్కడ రాళ్లు పేర్చి దారి చేయండి. జాడలు చెరిగిపోకముందే తిరిగితే నీళ్లు ఎటు పోయాయో అవే చెబుతాయి.

తర్వాత చేలో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి చూడండి. ఆ గుంత అడుగుభాగం దాకా తడి ఉండాలి. ఆ మట్టిని పిడికిట పడితే ముద్ద కట్టాలి, వదిలితే విచ్చిపోవాలి. అదీ పదును. మీ డబ్బాలో 20 మిల్లీమీటర్ల లోపే ఉంటే విత్తనం బయటికి తీయొద్దు, గుంటక తోలి తేమ కాపాడుకోండి. పక్కాయన విత్తాడని టెన్షన్ పడక్కర్లేదు, వాన పొలానికో రకంగా పడుతుంది.

పదును కుదిరితే వేరుశనగ విత్తనానికి కేజీకి 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు తెగుళ్ల మందు) పట్టించి, ఐదు సెంటీమీటర్ల లోతున పడేలా వాలుకు అడ్డంగా గొర్రు తోలండి. ప్రతి 7 నుంచి 15 సాళ్లకు ఒక కంది సాలు వేయండి. వేరుశనగ ఊడల దశలో బెట్టకు పోయినా కంది నిలబడుతుంది. ఉన్న విత్తనమంతా ఒకే పదునుకు పోయకండి, తర్వాతి వాన ఇరవై రోజులు రాకపోతే మళ్లీ కొనాల్సి వస్తుంది.

ఆగస్టు సగం దాటాక వాన వస్తే వేరుశనగ ఆశ వదిలేయడం మంచిది. కొర్ర, సజ్జ, అలసంద ఆలోచించండి. సెప్టెంబరు దాకా ఆలస్యమైతే ఉలవ. ఉలవ డబ్బులు పెద్దగా ఇవ్వకపోవచ్చు, దొడ్డికి మేత మాత్రం ఇస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే విత్తాక ఈ-క్రాప్ నమోదు (ఏ పంట ఎంత నేలలో వేశారో ప్రభుత్వ లెక్కలో ఎక్కించడం) మర్చిపోవద్దు. రైతు సేవా కేంద్రంలో సర్వే నంబరు, విస్తీర్ణంతో పాటు అంతరపంటగా వేసిన కంది పేరు కూడా ఎక్కిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.