మేధోశ్రమ చేసే ఉద్యోగులతో పని చేయించడం ఎలా?

ప్రోగ్రామర్లు, పరిశోధకులు, డిజైనర్లు, విశ్లేషకులు చేసే పనిలో అధిక భాగం పై అధికారి కంటికి కనిపించదు. గంటసేపు ఊరికే కూర్చున్నట్టు కనిపించిన వ్యక్తి ఆ గంటలోనే అసలు చిక్కుముడిని విప్పి ఉండవచ్చు. రోజంతా కీబోర్డు వదలని వ్యక్తి అక్కరలేని పనిని చక్కగా చేస్తూ ఉండవచ్చు. కాబట్టి గంటలు లెక్కపెట్టడం మాని, పనిని నిర్వచించడంతో మొదలుపెట్టండి.

ఇటువంటివారికి 1959లో 'నాలెడ్జ్ వర్కర్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్, వారి ఉత్పాదకతను గురించి 1999లో రాస్తూ, ముందుగా అడగవలసింది "చేయవలసిన పని ఏది?" అన్న ప్రశ్నేనన్నారు. "శుక్రవారానికి అమ్మకాల నివేదిక కావాలి" అని చెప్పి వదిలేయకుండా, "ఏ ఉత్పత్తిని ఆపివేయాలో సోమవారం నిర్ణయించాలి, అందుకు ఆధారం కావాలి" అని చెబితే, ఏ అంకెలు అవసరమో, నివేదిక కావాలో ఒక పట్టిక సరిపోతుందో వారే తేల్చుకుంటారు. ఎలా చేయాలో కూడా చెప్పాలన్న ఉబలాటాన్ని అణచుకోండి; ఆ సంగతి మీకంటే వారికే ఎక్కువ తెలియాలి, తెలియకపోతే లోపం నియామకంలోనో శిక్షణలోనో ఉన్నట్టు.

తర్వాతది సమయం. ఉదయం 11 గంటలకు పెట్టిన అరగంట సమావేశం పూటనంతా రెండు ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో ఏదీ కష్టమైన పనికి చాలదు. ఒక పని ముగించకుండా మరో దానికి మారినప్పుడు మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే మిగిలిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. వీలైనన్ని సమావేశాలను మధ్యాహ్నానికి జరపండి. సందేశాలకు తక్షణమే జవాబు ఆశించకండి.

డబ్బు విషయంలో జాగ్రత్త అవసరం. 1971లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసి ప్రచురించిన ప్రయోగాల్లో, పజిళ్లు విప్పినందుకు డబ్బు అందుకున్న విద్యార్థులకు ఆ చెల్లింపు ఆగాక వాటిపై ఆసక్తి తగ్గింది. మెచ్చుకోలు మాటల వల్ల అలా జరగలేదు. జీతం న్యాయంగా ఇవ్వవలసిందే, లేకపోతే మిగతా ఉపాయాలేవీ పనిచేయవు. కానీ ప్రతి చిన్న పనికీ బోనస్ కట్టకండి. మెచ్చుకునేటప్పుడు కూడా "బాగా చేశారు" అని సరిపెట్టక, ఏ నిర్ణయం ఎందుకు నచ్చిందో చెప్పండి.

రెండు వారాలకొకసారి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, పనికి ఏది అడ్డుపడుతోందో అడగండి. డేటాబేస్ చూడటానికి అనుమతి రాక పని నిలిచిపోయిందంటే ఆ రోజే సంబంధిత విభాగంతో మాట్లాడండి. కుదరకపోతే, ఎందుకు కుదరలేదో తర్వాతి భేటీ దాకా ఆగకుండా వారికి తెలియజేయండి.