బీమా క్లెయిమ్ అనుమానంగా ఉంటే సోషల్ మీడియాలో ఏం చూడాలి, ఎలా చూడాలి

ముందు ఆ ప్రొఫైల్ క్లెయిమ్ చేసిన మనిషిదేనని తేల్చుకోండి. ఒకే పేరుతో పదిమంది ఉంటారు. ముఖం, ఊరు, ఉద్యోగం, బంధువుల పేర్లు: వీటిలో కనీసం మూడైనా క్లెయిమ్ ఫైల్‌తో కలవాలి.

జాగ్రత్తపరులు తమ పేజీలో ఏమీ పెట్టరు. కానీ బావమరిది పెళ్లి ఫొటోల్లో ట్యాగ్ అయి దొరికిపోతారు. అందుకే ట్యాగ్‌లు, కామెంట్లు, బంధువుల పబ్లిక్ పోస్టులు కూడా చూడండి.

ఎక్కువమంది బోల్తా పడేది తేదీ దగ్గర. నడుం పట్టేసి మంచం దిగలేనన్న మనిషి బస్తా మోస్తున్న ఫొటో నిన్న పోస్ట్ అయిందనుకోండి. అది నిన్న తీసిందని అర్థం కాదు, రెండేళ్ల కిందటిదీ కావచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అప్‌లోడ్‌లోనే మెటాడేటా (ఫొటో ఫైల్‌లో దాగి ఉండే తేదీ, చోటు లాంటి వివరాలు) తీసేస్తాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసిన ఫొటోలో తీసిన తేదీ ఉండదు. వెనక కనిపించే బ్యానర్, బండి నంబర్, కింది కామెంట్లు పట్టుకుని తేదీ నిర్ధారించాలి. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (ఫొటో ఇచ్చి నెట్‌లో దాని కాపీలు వెతకడం) గాయానికి ముందటి కాపీ దొరికితే ఆ ఆధారం పోయినట్టే.

దొరికింది వెంటనే భద్రపరచండి, ప్రశ్నించాక చెరిపేస్తారు. లింక్, తేదీ, సమయం కనిపించేలా పూర్తి పేజీ తీసి, ఆ ఫైల్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌లో కొంచెం మార్చినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) రాసి పెట్టుకోండి. కత్తిరించిన స్క్రీన్‌షాట్‌ను అవతలి లాయర్ చీల్చి చెండాడతాడు.

దొంగ ఖాతాతో ఫ్రెండ్ రిక్వెస్ట్ మాత్రం వద్దు. అందరికీ కనిపించేదే చూడండి. నవ్వుతున్న ఫొటో నొప్పి లేదనడానికి రుజువు కాదు. దాన్ని డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టి చూడండి.