ప్యూర్టో వయార్తా నుంచి సిటీ బస్సులో బోకా దె తొమట్లాన్: ఒక్క రోజు ట్రిప్ ఎలా చేయాలి?

మెక్సికోలో పసిఫిక్ పక్కన, హలిస్కో రాష్ట్రంలో ఉన్న ప్యూర్టో వయార్తాకి అమెరికాలోని మనవాళ్ళు చాలామందే వెళ్తుంటారు, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి టూరిస్టుగా వెళ్ళడానికి వేరే మెక్సికో వీసా కూడా అక్కర్లేదు. కానీ ఎక్కువమంది రిసార్ట్‌లోనే ఉండిపోతారు, లేదంటే బోలెడు డాలర్లు పోసి బోట్ టూర్ బుక్ చేసుకుంటారు. దక్షిణం వైపు ఒక పదిహేను కిలోమీటర్లు పోతే బోకా దె తొమట్లాన్ అని చిన్న జాలరి పల్లె ఉంది, కొండల మధ్య నుంచి ఏరు వచ్చి అక్కడే సముద్రంలో కలుస్తుంది. అక్కడికి సిటీ బస్సు పోతుంది, కొద్ది పెసోల్లో అయిపోతుంది. నా మాట వినండి, ఒక్క రోజు దీనికి పెట్టండి.

బస్సు ఎక్కడ ఎక్కాలి

పాత ఊళ్ళో, అంటే జోనా రొమాంతికాలో, బసీలియో బదీయో, కొన్‌స్తితుసియోన్ వీధులు కలిసే మూల దగ్గర స్టాప్ ఉంటుంది. బస్సు ముందు అద్దం మీద బోకా అని రాసుంటుంది, అయినా ఎక్కేముందు డ్రైవర్‌ని "వా అ బోకా?" అని ఒకసారి అడగండి, ఎందుకంటే కొన్ని బస్సులు దారిలో ముందే వచ్చే మిస్మలోయ దాకానే పోతాయి. డబ్బులు డ్రైవర్‌కే ఇవ్వాలి, కాబట్టి చిల్లర నాణేలు, చిన్న నోట్లు ముందురోజే దగ్గర పెట్టుకోండి, 500 పెసోల నోటు తీస్తే పని అవ్వదు. టికెట్ ముక్క ఇస్తే దిగేదాకా దాచుకోండి.

కూర్చునేది మాత్రం కుడివైపే! వెళ్ళేటప్పుడు సముద్రం అటే ఉంటుంది. రోడ్డు కొండ అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది, కోంచాస్ చీనాస్ దాటాక నీళ్ళలోంచి లేచిన పెద్ద పెద్ద రాళ్ళు కనపడతాయి, అవే లోస్ ఆర్కోస్, వాటి కింద సొరంగాల్లా తొలిచినట్టు ఉంటుంది, చుట్టూ పెలికాన్లు తిరుగుతుంటాయి. ఆ తర్వాత మిస్మలోయ, 1963లో అక్కడ ఒక హాలీవుడ్ సినిమా తీశాకే ప్యూర్టో వయార్తా పేరు బయటి ప్రపంచానికి బాగా తెలిసింది. ఒక్కోసారి ఎవరో గిటార్ పట్టుకుని బస్సెక్కి రెండు పాటలు పాడి దిగిపోతారు, నచ్చితే నాణెం ఇవ్వండి. మలుపులు పడని వాళ్ళు ముందు సీట్లలో కూర్చోండి.

అరగంట, నలభై నిమిషాల్లో బోకా వస్తుంది. ముందే దిగాలంటే "బాహన్!" అని గట్టిగా అంటే ఆపుతాడు.

దిగాక ఏం చేయాలి

రోడ్డు మీంచి కిందికి దిగితే బీచ్, పంగాలు అనే చిన్న మోటార్ పడవలు కట్టేసి ఉంటాయి. ముందు చేయాల్సిన పని అక్కడే ఉంది: నడక చివర్లో వచ్చే లాస్ ఆనిమాస్ అనే బీచ్ నుంచి తిరిగొచ్చే ఆఖరి పడవ ఎన్నింటికో, ఎంత తీసుకుంటారో అడిగి పెట్టుకోండి. సీజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఆరోజే అడగాలి.

ఇప్పుడు నడక. ఏరు దాటితే ఒడ్డునే అడవిలోంచి కాలిబాట మొదలవుతుంది. మొదట కొలోమితోస్ వస్తుంది, చాలా చిన్న బీచ్, రెండు వైపులా రాళ్ళు, ఆకుపచ్చ నీళ్ళు, నాకు ఈ దారిలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఇక్కడ హోటళ్ళేం ఉండవు, నీళ్ళు మీరే తెచ్చుకోవాలి. ఇంకా ముందుకి పోతే మొత్తం రెండు గంటలు, ఈతకి ఆగితే ఇంకా ఎక్కువే పడుతుంది, లాస్ ఆనిమాస్ చేరతారు. ఎక్కడం దిగడం చాలా ఎక్కువ ఉంటుంది, వేర్లు, రాళ్ళు, కొన్నిచోట్ల చేతులు కూడా వాడాలి, చెప్పులతో అస్సలు వద్దు. చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే నడక మానేసి బోకాలోనే పంగా ఎక్కేయండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, బాట జారుతుంది, ఏరు కూడా బురదగా వస్తుంది. డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో అయితే బే లోకి హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి, పడవలోంచి కళ్ళు నీళ్ళ మీదే పెట్టండి.

తిండి

చేపలు తినేవాళ్ళకి లోటే లేదు, నిప్పుల మీద కాల్చిన చేప ఒకటి చెప్పండి చాలు. శాకాహారులు మాత్రం "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అని ఊరుకోకండి, చికెన్, చేప అందులో లెక్కకి రావు, "సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని కూడా చెప్పాలి. ఉడికించిన బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు చాలాచోట్ల, "సిన్ మాంతేకా?" అని అడగండి. చీజ్ కేసదియా (మధ్యలో చీజ్ పెట్టి కాల్చిన రొట్టె), గ్వాకమోలే (అవకాడో పచ్చడి లాంటిది) ఎక్కడైనా దొరుకుతాయి. మామిడి ముక్కల మీద నిమ్మరసం, కారం చల్లి అమ్ముతారు, అచ్చం మన వైజాగ్ బీచ్‌లో తిన్నట్టే ఉంటుంది. బీచ్ అందరిదీ, కానీ హోటల్ కుర్చీలో కూర్చుంటే ఏదో ఒకటి ఆర్డర్ చేయాల్సిందే, ముందే మెనూలో రేట్లు చూసుకోండి. కార్డులు నమ్ముకోవద్దు, క్యాష్ ఉంచుకోండి.

తిరుగు ప్రయాణం

చీకటి పడకముందే పంగాలో బోకాకి వచ్చేసి, దిగిన రోడ్డు దగ్గరే బస్సు ఎక్కండి. ఆదివారం అయితే అక్కడి కుటుంబాలన్నీ కూలర్లు, పిల్లలతో వస్తాయి, సాయంత్రం బస్సులు కిక్కిరిసిపోతాయి, కాబట్టి ఆ రోజు నాలుగింటికల్లా బయల్దేరడం మేలు, కుదిరితే మామూలు రోజే పెట్టుకోండి.