భోగికి కట్టెలు కొట్టే ముందు చూసుకోవలసినవి

విశాఖ నుంచి సంక్రాంతికి అరకు వైపో, సొంతూరికో వెళ్లినవాళ్లు చీకటితోనే గొడ్డలి పట్టకండి. మంచుకి పిడి, మొద్దు రెండూ తడిసి జారతాయి. ఎండెక్కాక పొడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టండి.

☐ గొడ్డలి తల కదులుతోందా? పిడి కొనలో చెక్కచీలిక దిగ్గొట్టండి. నీళ్లలో నానబెడితే బిగుస్తుంది, నిజమే. కానీ ఆరాక ఇంకా వదులై, కొట్టే ఊపులో తల ఎగిరిపోతుంది. దయచేసి ఆ చిట్కా నమ్ముకోకండి.

☐ చెప్పులు వద్దు, బూట్లే. పిల్లలు 15 అడుగుల అవతల ఉండాలి.

☐ దుంగను మోకాలెత్తు మొద్దు మీద అవతలి అంచున నిలబెట్టండి. గురి తప్పినా దెబ్బ మొద్దులో దిగుతుంది, కాలి మీదకి రాదు. కణుపు మీద కొట్టొద్దు, గొడ్డలి ఇరుక్కుంటుంది.

☐ సరుగుడు ఎండిందా? కొనల్లో పగుళ్లుంటాయి, రెండు ముక్కలు తాకిస్తే ఖంగుమంటాయి. పచ్చిదైతే మొద్దుగా మోగుతుంది, మంటకన్నా పొగే ఎక్కువ.

☐ పాత కట్టెలమోపు కర్రతో తట్టాకే, పైనుంచి తీయండి. తేళ్లుంటాయి, ఒక్కోసారి పాములూ.

☐ పేర్చేది ఇటుకల మీద, గోడకి అడుగు ఎడంగా, నడుమెత్తు దాటకుండా. టార్పాలిన్ పైన మాత్రమే కప్పండి, పక్కలు మూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.