రేజర్ క్లామ్ తవ్వడం, వండడం ఎలా?

రేజర్ క్లామ్ అంటే రెండు పల్చటి చిప్పల మధ్య ఉండి, ఇసుకలో దాక్కునే, తినదగ్గ సముద్రపు గుల్లజీవి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని పసిఫిక్ తీరంలో వీటి తవ్వకాలకు అనుమతి ఉన్న రోజు లాంగ్ బీచ్‌కో, ట్విన్ హార్బర్స్‌కో వెళ్లి చూడండి. ఇసుకంతా గుంతలే. చాలా గుంతల పక్కన పగిలిన చిప్పలు, తెగిన మెడలు (క్లామ్ ఇసుక పైకి చాచే గొట్టాలు) పడి ఉంటాయి. పార కొన్న రోజే పని వచ్చేసిందనుకునేవాళ్ల నిర్వాకం అది. పని కష్టమైనదేమీ కాదు. ఒక్క చోట మాత్రం తొందరపడకూడదు.

1. బయల్దేరే ముందు

రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ రోజు, ఆ బీచ్‌లో తవ్వకానికి అనుమతి ఉందో లేదో చూడండి. ఒక బీచ్ తెరిచి ఉందంటే పక్క బీచ్ కూడా తెరిచి ఉందని కాదు. కొన్నిరకాల సముద్రపు నాచు సూక్ష్మజీవులు డోమోయిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తాయి. క్లామ్ వాటిని తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అది నెలల తరబడి పోదు. 1991లో ఈ తీరపు రేజర్ క్లామ్స్‌లోనే అది బయటపడింది. అప్పటి నుంచి నమూనాలు పరీక్షించి, విషం 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20 భాగాలు) లోపు ఉంటేనే తవ్వనిస్తున్నారు. ‘బాగా ఉడికిస్తే ఏమీ కాదులే’ అనే మాట వినకండి. ఈ విషం ఉడికించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. తీవ్రమైతే జ్ఞాపకశక్తినే దెబ్బతీస్తుంది.

15 ఏళ్లు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరికీ లైసెన్స్ ఉండాలి. మామూలుగా రోజుకు మనిషికి 15 క్లామ్స్. చిన్నదైనా, విరిగినా, మొదట తవ్విన 15 మీవే. విరిగినదాన్ని ఇసుకలో కప్పేసి ఇంకోటి తవ్వడం చట్టరీత్యా తప్పు. ఎవరి క్లామ్స్ వాళ్ల సంచిలోనే ఉండాలి.

2. సామాను

క్లామ్ పార, వల సంచి, మోకాళ్లదాకా వచ్చే బూట్లు. చలికాలంలో మంచి ఆటు సాయంత్రం చీకటి పడ్డాకే వస్తుంది కాబట్టి లాంతరు కూడా. అంతే.

పారకు బదులు ట్యూబ్ వాడేవాళ్లూ ఉన్నారు. గొట్టాన్ని ఇసుకలోకి దింపి, పైనున్న గాలి రంధ్రం వేలితో మూసి పైకి లాగితే ఇసుక కట్టగా లేచొస్తుంది. కొత్తవాళ్లకు సులువంటారు. తడి ఇసుక పట్టు విడిపించి ఆ గొట్టాన్ని పదేపదే లాగితే నడుం పోతుంది. పైగా గురి కాస్త తప్పినా గొట్టం అంచే చిప్పను పగలగొడుతుంది. చేయి తిరిగిన వాళ్లు పారే వాడతారు.

ఉప్పు ప్యాకెట్లు మాత్రం తేకండి. రంధ్రంలో ఉప్పు పోస్తే క్లామ్ పైకి ఎగిరొచ్చే వీడియోలు అందరూ చూశారు. అది యూరప్, అట్లాంటిక్ తీరాల్లో దొరికే సన్నటి ఎన్సిస్ జాతి. ఇక్కడిది సిలిక్వా పాటులా, కోలగా, వెడల్పుగా ఉండే వేరే జాతి.

3. గుర్తు పట్టడం

అమావాస్య, పౌర్ణముల దగ్గర నీరు బాగా వెనక్కి తగ్గుతుంది. ఆటు అడుగంటడానికి గంట, రెండు గంటల ముందే అక్కడ ఉండండి. క్లామ్ మెడను లోపలికి లాక్కున్న చోట ఇసుకలో గుర్తు పడుతుంది. ఒకచోట చిన్న గుంట, ఇంకోచోట గారెలా చుట్టూ గట్టు కట్టి మధ్యలో చిల్లు. ఏమీ కనిపించకపోతే పార పిడితో ఇసుకను దబదబా మోదుతూ నడవండి, గుర్తులు పడతాయి. పెద్ద గుర్తునే ఎంచుకోండి.

4. తవ్వడం: ఇక్కడ నెమ్మదించండి

సముద్రానికి ఎదురుగా నిలబడండి. గుర్తు మీద పార వేయకూడదు. గుర్తుకు నాలుగు నుంచి ఆరు అంగుళాలు అవతల, అంటే సముద్రం వైపున, రేకును ఆనించండి.

ఇప్పుడు అందరూ చేసే తప్పు సంగతి. క్లామ్ పారలో రేకు, కర్ర ఒకే వరసలో ఉండవు. రేకు కొంచెం వంగి ఉంటుంది. కర్రను నిటారుగా పెట్టి గుచ్చితే రేకు మొన మీ వైపు, అంటే క్లామ్ కిందికి తిరుగుతుంది. ‘కరక్’మని చిన్న చప్పుడు వినిపిస్తుంది, అయిపోయింది. నిటారుగా ఉండాల్సింది రేకు. అప్పుడు కర్ర మీ ఒంటి వైపు వాలుతుంది. చూడడానికి వంకరగా పట్టుకున్నట్టు ఉంటుంది, అదే సరైన పద్ధతి.

మోకాళ్ల మీదికి దిగుతూ ఒంటి బరువుతో రేకును కిందికి దింపండి. తర్వాత కర్రను ఇసుక పట్టు వదిలేంత మాత్రమే వెనక్కి లాగండి. మట్టి పెళ్లగించినట్టు పూర్తిగా వెనక్కి వంచితే ఇసుక ఒత్తిడికే ఆ పల్చటి చిప్ప చిట్లుతుంది. ఇసుకను పైకీ ముందుకీ ఎత్తి పోయండి. ఇలా రెండు మూడు సార్లు చాలు. నాలుగోసారి కావాలనిపిస్తే పార పక్కన పెట్టి చేత్తో వెతకండి.

క్లామ్ పక్కకు పారిపోదు, నేరుగా కిందికే పోతుంది. కాలును, అంటే ఒంటి కింద ఉండే కండను, కిందికి చాచి, దాని కొనను ఉబ్బించి లంగరులా వేసి, ఒంటిని కిందికి లాక్కుంటుంది. కాబట్టి గుంతలో మీ వైపున్న గోడను వేళ్లతో మెల్లగా తడమండి. చిప్ప అంచులు బ్లేడులే, ఆత్రంగా చేయి దూర్చితే వేళ్లు తెగుతాయి. దొరికాక చిప్పను రెండు పక్కలా పట్టుకుని, చుట్టూ ఇసుక వదులు చేస్తూ పైకి తీయండి. మెడ పట్టుకుని లాగారా, మెడ మాత్రమే చేతికొస్తుంది.

ఎంత లీనమైనా తలెత్తి అలలను చూస్తూ ఉండండి. సముద్రానికి వీపు పెట్టి మాత్రం తవ్వొద్దు.

5. శుభ్రం చేయడం

క్లామ్స్ మీద మరిగే నీళ్లు పోయండి. చిప్పలు తెరుచుకోగానే, కొన్ని సెకన్లలోనే, చల్లటి నీళ్లలోకి మార్చండి. ఆలస్యమైతే వేయించకముందే ఉడికిపోతాయి. చిప్ప తీసేసి, మెడ చివర నల్లటి కొనను కత్తెరతో కత్తిరించి, ఒంటిని పొడవునా చీల్చండి. మొప్పలు, ముదురు రంగులో ఉన్న పొట్ట భాగం తీసేయండి. కాలును చీల్చినప్పుడు పారదర్శకంగా, వంగే సన్నటి పుల్లలాంటిది జారి బయటికొస్తుంది. పురుగని కేకలు పెట్టకండి, అది దాని జీర్ణవ్యవస్థలో భాగమే. తీసి పారేయండి.

6. వేయించడం

తడి పూర్తిగా తుడవాలి. ఉప్పు, మిరియాల పొడి కలిపిన మైదాలో దొర్లించి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడి అద్దండి. అంతకుమించి మసాలా వేస్తే ఇంత కష్టపడి తవ్వింది దేనికి? నూనె బాగా కాగాక ఒకదాన్నొకటి తగలకుండా వేయండి. ఒక్కో వైపు ఒక్క నిమిషం. రంగు ఇంకా రావాలనిపిస్తే మంట చాలలేదని అర్థం, ఎక్కువసేపు ఉంచడం మందు కాదు. రెండో వైపు బంగారు రంగు తిరగగానే తీసేయండి, లేకపోతే రబ్బరు నమలాల్సిందే.

మెడలు కొంచెం గట్టిగా ఉంటాయి. వాటిని సన్నగా తరిగి సూప్‌కి వాడుకోవచ్చు. సూప్‌లోనూ దించే ముందే వేయాలి. మిగిలినవి శుభ్రం చేశాకే ఫ్రీజర్‌లో పెట్టండి.