గిన్నెలో పెరిగిన న్యూరాన్లు ఏం చెబుతున్నాయో చదవడం ఎలా

ల్యాబ్‌లో పెంచిన న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పాంగ్ (బంతిని బ్యాట్‌తో ఆపే పాత వీడియో గేమ్) ఆడాయని 2022లో మెల్‌బోర్న్ నుంచి వార్త వచ్చినప్పటి నుంచి, మా విశాఖ ఎంవీపీ కాలనీలో బయాలజీ చదివే పిల్లలు అవి నిజంగా ఆలోచిస్తాయా అనే అడుగుతున్నారు. ముందు వాటి రికార్డింగ్ చదవడం నేర్చుకోండి. ల్యాప్‌టాప్, పైథాన్ ఉంటే చాలు, ఎలుక కార్టెక్స్ (మెదడు పైపొర) కణాల రికార్డింగులు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

గిన్నె అడుగున సన్నటి ఎలక్ట్రోడ్లుంటాయి. బాగా వాడుకలో ఉన్న రకంలో 60, ఒకదానికొకటి 200 మైక్రాన్ల దూరంలో. పక్కనున్న న్యూరాన్ ఫైర్ అయితే, అంటే విద్యుత్ సంకేతం పంపితే, వోల్టేజ్ దాదాపు ఒక మిల్లీసెకను పాటు కొన్ని పదుల మైక్రోవోల్టులు పడి లేస్తుంది, అదే స్పైక్. 300 హెర్ట్జ్ కంటే తక్కువున్న ఊగిసలాటను ఫిల్టర్ చేసేసి, నాయిస్ (స్పైకులు లేనప్పుడూ ఉండే చిన్న ఊగిసలాట) స్టాండర్డ్ డీవియేషన్‌కు ఐదు రెట్లు కిందికి దిగిన చోటల్లా ఒక చుక్క పెట్టండి. అడ్డంగా సమయం, నిలువుగా ఎలక్ట్రోడ్ నంబరు. దీన్నే రాస్టర్ ప్లాట్ అంటారు.

తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బర్‌లో నిలబడితే ఒకచోట వంజరం, ఇంకోచోట రొయ్యలు, ఎవరి వేలంపాట వాళ్లది. ఒక్క గొంతు విని లాభం లేదు, కేక ఎక్కడ లేచి ఎటు పాకిందో చూడాలి. ప్లాట్‌లోనూ అంతే. అన్ని వరుసల్లోనూ చుక్కలు ఒకేసారి నిలువు గీతలా కనిపిస్తే అది నెట్‌వర్క్ బర్స్ట్. దాన్ని చూసి ఆలోచన దొరికిందనుకోకండి, బయటి నుంచి ఏమీ ఇవ్వకపోయినా ఈ కణాలు అలా ఫైర్ అవుతూనే ఉంటాయి.

సమాచారం ఉందో లేదో తేలాలంటే స్టిమ్యులేషన్ ఇచ్చిన ఫైలు తీసుకోండి. ఎలక్ట్రోడ్ ఏ, ఎలక్ట్రోడ్ బి, ఒక్కోసారి ఒక్కోదానికి కరెంట్ ఇచ్చారనుకుందాం. ప్రతిసారీ తర్వాతి 100 మిల్లీసెకన్లలో ఒక్కో ఎలక్ట్రోడ్ దగ్గర ఎన్ని స్పైకులొచ్చాయో లెక్కపెట్టండి, కానీ మొదటి కొన్ని మిల్లీసెకన్లు కచ్చితంగా వదిలేయండి, అక్కడ కనిపించేది మనం ఇచ్చిన కరెంటే. నేను ఇది పట్టించుకోక రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఆ అంకెలు మాత్రమే చూసి కరెంట్ 'ఏ'కి ఇచ్చారా 'బి'కి ఇచ్చారా అని చెప్పగలిగితే నెట్‌వర్క్ ఆ తేడాను మోస్తున్నట్టే. ఆ తర్వాత ఏ, బి అనే లేబుళ్లు కలగాపులగం చేసి మళ్లీ చేయండి, అప్పుడూ అంతే బాగా వస్తే మీ ఫలితం పనికిరాదు.

పాంగ్ ప్రయోగంలో బంతి తగిలితే ఒకే తీరు సిగ్నల్, తప్పితే గజిబిజి సిగ్నల్ ఇచ్చారు. ఆడేకొద్దీ కణాల్లో మార్పు వచ్చిందో లేదో చూడాలంటే ఇదే లెక్క మొదటి నిమిషాలకొకసారి, చివరి నిమిషాలకొకసారి చేసి పక్కపక్కన పెట్టండి.